తిక్కగా వినిపించే ఘాట్ రోడ్డు సలహాలు

ఘాట్ రోడ్డు మీద ఇరుకు చోట కారు వెనక్కి మళ్లించక తప్పకపోతే ముక్కు లోయ వైపు పెట్టండి, తోక కొండ వైపు ఉండనివ్వండి. ఈ మాట చెప్పగానే ఎవరైనా నన్ను ఎగాదిగా చూస్తారు. ఎదురుగా లోయ కనబడుతుంటే కాళ్లు వణకవా, కొండకేసి తిరిగి ఉంటే ధైర్యంగా ఉంటుంది కదా అంటారు. నా భయమంతా ఆ ధైర్యం గురించే. కొండకేసి చూస్తూ కూర్చున్న మనిషికి తన వెనక చక్రాలు అంచుకి మూరెడు దూరంలో ఉన్నాయో బెత్తెడు దూరంలో ఉన్నాయో తెలియదు. అద్దాల్లో ఆకాశం కనబడుతుంది, కెమెరాలో పొదలు కనబడతాయి. అంచు మాత్రం ఎక్కడా కనబడదు.

డిసెంబరు, జనవరి వచ్చాయంటే లంబసింగి చలికి, వంజంగి మేఘాలకి, మారేడుమిల్లి అడవికి మైదానాల నుంచి కార్లు బారులు కడతాయి. నడిపేవాళ్లు చేతకానివాళ్లేం కాదు. అపార్టుమెంటు సెల్లార్లో రెండు స్తంభాల మధ్య బండి దూర్చగలిగినవాళ్లే. కాకపోతే తెలుగువాళ్లలో చాలామందికి ఘాట్ రోడ్డంటే తిరుమల ఒక్కటే. అక్కడ 1944లో తెరిచిన మొదటి దారిలో దిగుతాం, 1974లో వచ్చిన రెండో దారిలో ఎక్కుతాం. ఎదురు బండి రాదు, మళ్లించే అవసరమూ రాదు. ఆ నమ్మకంతో ఏజెన్సీ కొండలెక్కుతారు. తెల్లవారుజామున మంచులో, ఫోన్లో మ్యాపు చూపించిన దారి ఏ కోసుకుపోయిన కల్వర్టు దగ్గరో ఆగిపోతుంది. వెనక సీట్లో పిల్లలు నిద్రలో ఉంటారు. అప్పుడు చుట్టూ చేరినవాళ్లు చెప్పే సలహాలు ధీమాగా ఉంటాయి, ప్రేమగా ఉంటాయి, చాలావరకు తప్పుగా ఉంటాయి. నేను చెప్పేవి వాటికి అడ్డం తిరుగుతాయి. తిక్కగా అనిపిస్తే అనిపించనివ్వండి, లెక్క చూశాక ఒప్పుకోండి.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది: అసలు తిప్పకండి. ఎలా వచ్చారో అలాగే, మళ్లించకుండా, రివర్సులోనే వెనక్కి వెళ్లండి. అరకిలోమీటరు రివర్సులోనా, మెడ పట్టేస్తుంది, అవతలివాళ్లు చూసి నవ్వుతారు అనిపిస్తుంది. పట్టెయ్యనివ్వండి, నవ్వనివ్వండి. మన దేశంలో ఒంటి వరస రోడ్డు వెడల్పు 3.75 మీటర్లు. ఇన్నోవా క్రిస్టా పొడవు 4.735 మీటర్లు. అంటే ఆ బండి ఆ రోడ్డుకి అడ్డంగా పట్టనే పట్టదు. స్విఫ్ట్ దాదాపు 3.85 మీటర్లు, అదీ పట్టదు. పట్టదని తెలిసీ తిప్పుతున్నామంటే, తారు దాటి ఉన్న మట్టి మీద ప్రాణం పెడుతున్నామన్నమాట.

బంపరు అంచు దాటి గాల్లో ఉంటే ఏమవుతుంది, చక్రం నేల మీదే ఉంది కదా అని అడుగుతారు. నిజమే, లెక్కపెట్టాల్సింది చక్రాలనే. అలాగే లెక్కపెడదాం. కొండ రోడ్డు సగం కొండని తొలిచి, సగం ఆ తొలిచిన మట్టినే బయటికి పోసి కట్టినది. కొండ వైపు సగం గట్టి నేల, లోయ వైపు సగం పోసిన నేల. వాన కురిసిన నెలల్లో ఆ అంచు లోపల్లోపల గుల్లవుతుంది, పైన గడ్డి మొలిచి పచ్చగా, నిబ్బరంగా కనబడుతుంది. అందుకని అంచు నుంచి కనీసం మీటరు వదిలెయ్యాలి. 3.75లో ఒక మీటరు తీసేస్తే 2.75 మిగిలింది. ఇన్నోవా క్రిస్టా ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం సరిగ్గా 2.75 మీటర్లు. ఇక ఆ బండి కదలడానికి వేలెడు జాగా లేదు. స్విఫ్ట్‌కి ఆ దూరం 2.45, అంటే ముందుకీ వెనక్కీ ఆడడానికి ముప్ఫై సెంటీమీటర్లు. ఈ లెక్క చేతిలో ఉంటే, "ఏం కాదు తమ్ముడూ, నిన్ననే ఇక్కడ బొలెరో తిప్పారు" అన్న మాటకి ఏం జవాబు చెప్పాలో మీకే తెలుస్తుంది.

ఒంటి వరస కొండ రోడ్లకి కిలోమీటరుకు రెండు మూడు చోట్ల బండ్లు తప్పుకునేందుకు వెడల్పు విడవాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు చెబుతాయి. అన్ని దారుల్లోనూ అలా ఉండవు, కానీ ఎక్కడో ఒక దగ్గర కంకర పోసిన జాగానో, క్వారీ బాటనో, ఏ ఊరి మలుపో తగులుతుంది. ఎక్కేటప్పుడే వాటిని గుర్తుపెట్టుకుంటూ పొండి. పక్క సీట్లో ఉన్నవాళ్లకి ఆ పని అప్పజెప్పండి, కొండల ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు.

ఎదురుగా బస్సు వచ్చిందని కంగారుపడి మళ్లించేవాళ్లూ ఉన్నారు. అక్కర్లేదు. ఇద్దరికీ చోటు చాలని కొండ దారిలో దిగే బండి పక్కకు ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వాలన్నది 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే ఉన్న పద్ధతి. మీరు ఎక్కుతుంటే కొండ వైపు ఒదిగి ఆగండి. మీరు దిగుతుంటే, వెడల్పున్న చోటి దాకా మీరే వెనక్కి ఎక్కండి.

వంపు దగ్గర రోడ్డు వెడల్పుగా ఉంటుంది, అక్కడే తిప్పెయ్యమని కూడా చెబుతారు. హెయిర్‌పిన్ మలుపు వెడల్పుగా ఉండేది నిజమే. అది బస్సులూ లారీలూ తిరగడానికి వదిలిన వెడల్పు. కింద నుంచి రెండో గేర్లో మూలుగుతూ వచ్చే లారీ డ్రైవరుకి మలుపు మధ్యలో అడ్డంగా నిలబడ్డ మీ కారు చివరి క్షణం దాకా కనబడదు. తిన్నటి దారిలో, రెండు వైపులా దూరం నుంచి కనబడే చోట, ఇంకొంచెం ఇరుకైనా సరే, అక్కడే మళ్లించండి. మలుపుల్లో ఒక్కొక్క మనిషిని నిలబెట్టండి.

ఇప్పుడు ముక్కు సంగతికి వస్తాను, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ వాదన.

లోయ వైపు ముక్కు పెట్టమనడానికి కళ్లు ఒక కారణం. రెండో కారణం నీళ్లు. కొండ రోడ్డు సరిగ్గా వేస్తే దాని వాలు లోపలికి, అంటే కొండ వైపు కాలువలోకి ఉంటుంది. అలాంటి రోడ్డు మీద మీ కారు లోయకేసి తిరిగి ఉంటే, కాలు పొరపాటున బ్రేకు మీంచి జారినా బండి కాలువ వైపు దొర్లుతుంది. కాలువలో దిగిన చక్రాన్ని పదిమంది ఎత్తుతారు, లేదా ట్రాక్టరు లాగుతుంది, నాలుగు వేలు ఖర్చవుతుంది. లోయలోకి పోయినదానికి ఆ లెక్కలుండవు. అయితే పాతబడి కుంగిన రోడ్లు బయటికి వాలి ఉంటాయి. కంటితో చూస్తే తెలియదు. దిగి, సీసాలో నీళ్లు రోడ్డు మధ్యలో పొయ్యండి. ఎటు పారితే మీ బండి అటు దొర్లుతుంది. లోయ వైపు పారితే ఆ చోటు వదిలెయ్యండి, ఎంత వెడల్పుగా కనబడినా సరే.

ముందు చక్రాలు లాగే చిన్న కార్లకి ఇంకో లాభముంది. ఇంజను బరువంతా ముందే ఉంటుంది, రివర్సులో లాగేవీ ఆ చక్రాలే. ముక్కు కాస్త కిందికి ఉన్నా వాటికి పట్టు దొరుకుతుంది. బొలెరో, స్కార్పియో, క్రిస్టా లాంటి వాటికి లాగేవి వెనక చక్రాలు. ముక్కు కిందికి వాలితే వెనక తేలికై, కంకర మీద చక్రం అక్కడే తిరుగుతుంది. కాబట్టి వాలు లోయ వైపు ఉన్న చోటు వదిలెయ్యాలన్న మాట అలాంటి బండికి ఇంకా గట్టిగా వర్తిస్తుంది. అక్కడ రివర్సులో వెనక్కి పోవడమే.

ముక్కు లోయ వైపు పెట్టడంలో నిజమైన ప్రమాదం ఒకటుంది, దాన్ని దాచిపెట్టి సలహా ఇవ్వడం పాపం. రివర్సు పడిందనుకుని క్లచ్ వదులుతారు, పడింది మొదటి గేరు. కొన్ని కార్లలో రివర్సు మొదటి గేరు పక్కనే ఉంటుంది, కంగారులో చెయ్యి తప్పుతుంది. దీనికి మందు మూడు విధాలు. ముందు చక్రాలు ఎక్కడ ఆగాలో అక్కడ, అంచుకి మీటరు ఇవతల, తలకాయంత రాళ్లు రెండు హద్దుగా పెట్టండి. టైరు రాయికి తగలగానే ఆపాలి, తెలియకుండా గేరు తప్పినా రాయి ఒక్క క్షణం ఆపుతుంది, ఆ క్షణం చాలు బ్రేకు నొక్కడానికి. రాళ్లు పెట్టేటప్పుడు బండి హ్యాండ్‌బ్రేక్ మీద ఉండాలి, పెట్టే మనిషి పక్క నుంచి వచ్చి పెట్టాలి. రెండోది, గేరు మార్చిన ప్రతిసారీ దాని పేరు పైకి చెప్పండి, "రివర్సు" అని, వినబడేలా. పిచ్చిగా ఉంటుంది, ఉండనివ్వండి. నోరు చెప్పేది చెయ్యి వింటుంది.

మూడోది వెనక సెన్సారు కూత. 2019 జూలై 1 నుంచి మన దేశంలో అమ్మే ప్రతి కారుకీ వెనక పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి. అవి ఉన్నాయని చాలామంది గుండె నిబ్బరం చేసుకుంటారు. ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి: సెన్సారు అడ్డుగా ఉన్న వస్తువుని చెబుతుంది, లేని నేలని చెప్పదు. గోడ ఉంటే అరుస్తుంది. లోయ ఉంటే నిశ్శబ్దంగా ఉంటుంది, అది నిశ్శబ్దంగా ఉంది కాబట్టి ఖాళీ ఉందనుకుని మనం ఇంకా వెనక్కి పోతాం. కెమెరాలో గీసిన పచ్చ, ఎర్ర గీతలు చదునైన నేలకి గీసినవి, వాలు మీద అవి చూపించే దూరం నిజం కాదు. కాబట్టి ఘాట్ మీద ఆ కూతకి నేనిచ్చే పని ఒక్కటే. అది మొదలైతే రివర్సు పడిందని అర్థం. అంతకు మించి దాన్ని నమ్మకండి.

స్టీరింగ్ విషయంలో మెకానిక్కులకి కోపం తెప్పించే సలహా ఇస్తున్నాను. బండి నిలబడి ఉండగానే చక్రాలు తిప్పండి. టైరు అరుగుతుంది, స్టీరింగ్ మీద భారం పడుతుంది, కదులుతూ తిప్పాలి అని వాళ్లు చెప్పేది రోజువారీ పార్కింగుకి సరైన మాటే. అంచు ముందు మాత్రం, బండి కదులుతున్నప్పుడు మీ ధ్యాసంతా బ్రేకు మీద ఉన్న కాలి దగ్గరే ఉండాలి. ఆగండి, హ్యాండ్‌బ్రేక్ వెయ్యండి, ఫుల్ కట్ కొట్టండి, గేరు వెయ్యండి, పేరు చెప్పండి, అప్పుడు ఒక అడుగు కదలండి. మళ్లీ ఆగండి. ఎన్నిసార్లయినా పర్లేదు. ఒక్క కట్‌లో తిప్పితేనే డ్రైవరన్న పొగరు మైదానంలో వదిలేసి రండి. ఇరుకు అంచు మీద చకచకా కారు తిప్పేసే వీడియోలు చూసి ఉంటారు. ఆ కెమెరా రోడ్డు అవతల నుంచి చక్రాన్నీ అంచునీ కలిపి చూపిస్తుంది. స్టీరింగ్ ముందు కూర్చున్నవాడికి ఆ చూపు లేదు. బానెట్ ముందు రెండు మూడు మీటర్ల నేల డ్రైవరుకి అసలే కనబడదు, ఎత్తు బండ్లలో ఇంకా ఎక్కువ.

ఆ కనబడని నేలని చూడడానికే బయట మనిషి కావాలి. ఒక్క మనిషి. ఇక్కడ జనం చేసే సాయమే ఎక్కువ ముప్పు తెస్తుంది. ఒకరు వెనక నుంచి "రానీ, రానీ, ఇంకా రానీ" అంటారు, ఇంకొకరు ముందు నుంచి "హోల్డాన్, హోల్డాన్" అంటారు, మూడో ఆయన కారు డోరు తట్టి "లెఫ్ట్ కొట్టన్నా, లెఫ్ట్" అంటాడు. ఎవరి లెఫ్ట్? డ్రైవరుదా, ఎదురుగా నిలబడ్డ ఆయనదా? మొహమాటం వదిలి కిందికి దిగి, చేతులు జోడించి చెప్పండి: "అన్నా, మీ అందరికీ దండం, ఒక్కరే చెప్పండి, మిగతావాళ్లు మలుపు దగ్గర బండ్లు ఆపండి." ఎవరూ నొచ్చుకోరు. జనానికి పని ఇస్తే చాలు, సంతోషంగా పోతారు.

ఎంచుకున్న ఆ ఒక్కరితో ముందే ఒప్పందం చేసుకోండి. లెఫ్ట్, రైట్ అనొద్దు, "కొండకి", "లోయకి" అనమనండి. అరుపుల మీద ఆధారపడకండి, ఇంజను మోతలో "పోనీ" ఏదో "ఆపు" ఏదో తెలియదు. చెయ్యి చాచి అరచెయ్యి చూపిస్తే ఆగాలి. ఆ మనిషి కనబడకపోయినా ఆగాలి. ఎక్కడ నిలబడాలంటే, డ్రైవరు వైపు, ముందు చక్రానికి పక్కగా, నాలుగడుగుల ఎడంగా, డ్రైవరు కళ్లకి కనబడే చోట. బండికీ కొండకీ మధ్య ఎవ్వరూ నిలబడకూడదు. లోయ గురించి భయపడి భయపడి, రివర్సులో ఎగిరి వెనక్కి వచ్చిన బండికీ రాతి గోడకీ మధ్య నలిగే మనిషి గురించి ఎవరూ ఆలోచించరు. సాయం చెయ్యడానికి వచ్చిన మనిషి అతను.

ఇంట్లోవాళ్లని దింపండి. ఇది చెబితే రెండు రకాల అడ్డు వస్తుంది. బరువుంటే బండి పట్టు ఇస్తుంది, కూర్చోనివ్వమంటారు ఒకరు. చలిలో అమ్మమ్మని ఎందుకు దింపడం, ఒక్క నిమిషం పని కదా అంటారు ఇంకొకరు. దింపండి. కంబళి కప్పి, కుర్చీ ఉంటే కుర్చీ వేసి, కొండ వైపు, కారు దొర్లినా అందని ఎగువన కూర్చోబెట్టండి. పిల్లల్ని ఒక పెద్ద మనిషి చెయ్యి పట్టుకుని ఉండాలి. నడవలేని పెద్దవాళ్లుంటే, వాళ్లని దింపడం కష్టమనిపిస్తే, మళ్లించే ఆలోచనే మానుకుని రివర్సులో పొండి. నేను మాత్రం లోపల మనుషులతో అంచు మీద బండి తిప్పడాన్ని ఎప్పటికీ ఒప్పుకోను.

డ్రైవరు మాత్రం బెల్టు పెట్టుకునే ఉండాలి. "బెల్టు తీసి డోరు తెరిచి పెట్టుకో, తేడా వస్తే దూకెయ్యొచ్చు" అని పెద్దవాళ్లే చెబుతుంటారు. దొర్లే బండిలోంచి దూకినవాడు దాని కిందే పడతాడు. తెరిచిన డోరు కొండకి తగిలి వెనక్కి మూసుకుంటే కాలు పోతుంది. పైగా దూకొచ్చు అన్న ఆలోచన మనసులో ఉన్నంతసేపూ కాలు బ్రేకు మీద పూర్తిగా ఉండదు. అద్దాలు దించండి, పాటలు ఆపండి, ఫోను ఇంకొకరికి ఇవ్వండి.

హ్యాండ్‌బ్రేక్ గురించి చిన్న మాట. చాలా కార్లలో అది వెనక చక్రాలనే పట్టుకుంటుంది. ముక్కు వాలుకి ఉన్నప్పుడు వెనక తేలికవుతుంది కాబట్టి దాని పట్టు తగ్గుతుంది. ఎక్కువసేపు ఆగాల్సి వస్తే రివర్సు గేర్లో ఉంచి, చక్రాలకి రాళ్లు పెట్టండి. కొత్త కార్లలో ఉండే హిల్ హోల్డ్ బ్రేకు వదిలాక రెండు మూడు క్షణాలే ఆపుతుంది, దాన్ని హ్యాండ్‌బ్రేక్ అనుకోకండి. బండి కదిలే పనిలో ఉండగా ఇంజను ఆపకండి, ఆపితే కొన్నిసార్లు నొక్కాక బ్రేకు పెడలు రాయిలా బిగుసుకుంటుంది. క్లచ్ వాసన వస్తే మాత్రం హ్యాండ్‌బ్రేక్ వేసి, రాళ్లు పెట్టి, పావుగంట వదిలెయ్యండి.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో కాలువ గట్ల మీద తిప్పేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. ముక్కు నీళ్ల వైపు, తోక చేల వైపు. గట్టు మీద ఇంకా మంచి దారి ఉంది: తిప్పకుండా ముందుకే పోతే ఏదో ఒక వంతెన వస్తుంది, లేదా చేలోకి దిగే బండి బాట వస్తుంది. రెండు కిలోమీటర్ల పెట్రోలుకి ఎవరూ పేదవాళ్లైపోరు.

బండి మళ్లిందనుకోండి. అందరూ చప్పట్లు కొడతారు, ఇంట్లోవాళ్లు పరుగెత్తుకొచ్చి అక్కడే ఎక్కబోతారు. ఎక్కించుకోకండి. కొంచెం ముందుకు పోయి, కొండ వైపు ఒదిగి ఆగి, వాళ్లని నడిచి రమ్మనండి. హద్దుగా పెట్టిన రాళ్లూ, చక్రాల కింద పెట్టినవీ ఒక్కటి కూడా రోడ్డు మీద మిగలకూడదు. రాత్రి ఆ రాయి మీదికి స్కూటరు వచ్చిందంటే మీరు తప్పించుకున్న లోయలోకి ఇంకొకరు పోతారు. తీసిన రాళ్లని కొండ వైపు కాలువ అవతల పెట్టండి, లోయలోకి విసరకండి. ఘాట్‌లో మీ కింద మలుపు తిరిగి వచ్చేదీ అదే రోడ్డు, అక్కడ మనుషులు నడుస్తుంటారు.